ఫ్రాన్స్ అట్టలు... ధర్మవరం పట్టు!

పెళ్లి కుదిరిందంటే చాలు... రాయలసీమలో ఆడపిల్ల తల్లిదండ్రులు ధర్మవరం బాట పడతారు. వెడల్పాటి జరీ అంచు, నిండైన కొంగు... చూడగానే ఇది ధర్మవరం పట్టని చెప్పేయొచ్చు. అయితే ఆ అంచు మీద నెమళ్లూ లతలూ విరబూయడం వెనక ఫ్రాన్స్‌లోని ఓ పాత నగరం ఉందని ఎందరికి తెలుసు?

ఆ నగరం లియాన్. పట్టు నేతకు ఐరోపాలోనే పేరున్న ఊరు. ఒకప్పుడు అక్కడ డిజైను నేయాలంటే దారాలను పైకి లాగడానికి మరో మనిషి ఉండాల్సిందే. 1804లో జోసెఫ్ మేరీ జాకార్డ్ రంధ్రాలున్న అట్టలతో ఆ పని మగ్గం చేతే చేయించాడు. ఏ పడుగు దారం లేవాలో ఆ రంధ్రాలే చెబుతాయి. ధర్మవరంలో నేతగాడి తలపైన కనిపించే జాకార్డు పెట్టె ఆ మగ్గం వారసురాలే!

డిజైన్లు మాత్రం మనవే. లేపాక్షి ఆలయంలోని చిత్రాలూ లతామంటపం స్తంభాల మీది చెక్కడాలూ చీరల అంచుల్లోకి దిగాయి. ముడిసరుకుకూ దూరం పోనక్కర్లేదు. మడకశిర, హిందూపురం ప్రాంతాల్లో మల్బరీ తోటలున్నాయి. పట్టుగూళ్ల మార్కెట్ హిందూపురంలోనే ఉంది. జరీ మాత్రం సూరత్ నుంచి వస్తుంది.

పనితనం సరే, మరి కూలి? లియాన్ నేతగాళ్లనూ పీడించింది ఈ ప్రశ్నే. గిట్టుబాటు కూలి కోసం వాళ్లు 1831లో వీధుల్లోకొచ్చారు. 1834లో మళ్లీ తిరగబడ్డారు. రెండుసార్లూ సైన్యం దిగింది. ఇప్పుడా నగరంలో చేతిమగ్గాలు కొద్దిగానే మిగిలాయి. వెర్సాయ్ రాజప్రాసాదానికి పట్టు నేసిచ్చిన ప్రెల్ సంస్థ వాటిలో కొన్నింటిని నడుపుతోంది.

ధర్మవరానికి పోటీ మరమగ్గంతో. చేనేతలో రోజుల తరబడి పట్టే చీరను అది గంటల్లో దించేస్తుంది. చీర సహా కొన్ని వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో అంగడికొస్తే నష్టపోయేది నేతగాడే. డిజైను తీసిన వారం తిరక్కుండానే నకలు వచ్చేస్తే, పడుగు అతికేవాళ్లు, కండెలు చుట్టే ఇంటి ఆడవాళ్లు సహా ఇంటిల్లిపాదీ పడ్డ శ్రమకు విలువేముంటుంది?

అందుకే కొనేటప్పుడు రెండు గుర్తులు చూడాలి. సిల్క్ మార్క్ ఉంటే అది అసలు పట్టని మాత్రమే అర్థం. చేత్తో నేసిందని చెప్పేది హ్యాండ్‌లూమ్ మార్క్. అంగట్లో రెండోదాన్నీ అడిగి చూడండి.