తాతయ్య ఎత్తు వచ్చిందా?

2018 అక్టోబరులో మా అమ్మా, నాన్నగారూ తెనాలి నుంచి ఆరు నెలలుండి వెళదామని చికాగో పక్కన ఉన్న మా ఇంటికి వచ్చారు. టికెట్లు చవగ్గా దొరికాయని సంబరపడ్డానే గాని, చికాగో చలికాలాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. నవంబరు నెలాఖరుకి బయట మంచు, లోపల వాళ్లిద్దరూ. పొద్దున్నే మేం ఆఫీసులకీ, పిల్లలు స్కూలుకీ వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో మనిషి అలికిడి ఉండదు. తెలుగు చానళ్లు మాత్రం ఎంతసేపని చూస్తారు?

ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి నాన్నగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూచున్నారు. "ఏం చేస్తున్నారు నాన్నగారూ?" అన్నాను. "వీధిలో ఎన్ని కార్లు పోతున్నాయో లెక్కపెడుతున్నానురా. ఇవాళ నూట పన్నెండు" అన్నారు నవ్వుతూ. ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్లు బస్సుల రాకపోకలు చూసిన మనిషి! ఆయన నవ్వారు గాని, నాకు నవ్వు రాలేదు.

నేను చేసిన ఘనకార్యం

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఆ శనివారమే ఒక టాబ్లెట్ కొని, తేలిక ఆటలని పేరున్నవన్నీ ఇరవైదాకా దింపేశాను. బుడగలు పగలగొట్టేవి, మిఠాయిలు వరసగా పేర్చేవి, పళ్లు కోసేవి. అన్నీ ఉచితమే. పెద్దవాళ్లూ పసిపిల్లలూ ఒకటే అన్న లెక్కలో ఉన్నానన్నమాట.

నాన్నగారు నా మాట తీసెయ్యలేక రెండు రోజులు ఆడారు. కాసేపటికోసారి ఒక ప్రకటన వచ్చేది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత. దాన్ని నొక్కబోయి ప్రకటననే నొక్కేవారు. మూడో రోజు నేను మీటింగులో ఉండగా, నా క్రెడిట్ కార్డు మీద 39 డాలర్లకి 'బంగారు నాణేలు' కొన్నట్టు మెసేజ్ వచ్చింది. ఇంటికి రాగానే "ఏం నొక్కారు నాన్నగారూ?" అని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన ఏమీ అనలేదు. టాబ్లెట్ తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టేశారు. ఆ రాత్రి అమ్మ, "ఆయన్ని ఇన్నేళ్లలో ఎవరూ అలా అడగలేదురా" అంది.

తప్పు ఆయనది కాదు. కొనుగోలుకి పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు చెయ్యకుండా చేతికిచ్చిన నాది. డబ్బు తిరిగి వచ్చింది. టాబ్లెట్ మాత్రం పది రోజులు ఫ్రిజ్ మీద నుంచి దిగలేదు.

తెలిసిన ఆట, కొత్త పలక

దాన్ని కిందికి దింపింది తొమ్మిదేళ్ల మా అబ్బాయి. స్కూలు చెస్ క్లబ్బులో నేర్చుకున్నదేదో తాతయ్యకి చూపించబోయాడు. "ఓస్, చదరంగమా! ఏదీ, ఇటు పట్రా" అన్నారు నాన్నగారు. తెనాలిలో కుర్రతనంలో అరుగుల మీద ఆడిన ఆట. కంప్యూటర్ తన బంటుని ఒకేసారి రెండు గళ్లు నడిపించగానే "ఇది తొండి ఆడుతోందిరోయ్!" అని కేక వేశారు. వాళ్ల అరుగు మీద బంటుకి ఒక్క గడే. మనవడు కొత్త రూలు చెప్పాడు, తాతయ్య పాత రూలు చెప్పారు. ఆ సాయంత్రం భోజనాలకి ఇద్దర్నీ మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. కొత్త యంత్రం, కొత్త ఆట రెండూ ఒకేసారి నెత్తిన పెడితే ఎవరికైనా బరువే. ఆట ముందే వచ్చి ఉంటే నేర్చుకోవాల్సింది యంత్రం ఒక్కటే. 1990లో విండోస్ 3.0తో పాటు సాలిటేర్ పేకాట ఇవ్వడంలోనూ ఈ కిటుకే ఉంది. మౌస్ అంటే కొత్తగా ఉన్న రోజులవి. పట్టుకుని లాగి ఇంకోచోట వదలడం జనానికి అలవాటు చెయ్యడానికి, అందరికీ తెలిసిన పేకముక్కల్ని వాడుకున్నారు. ఆ ఆటని రాసింది వెస్ చెర్రీ అనే ఇంటర్న్. 2019లో దానికి ప్రపంచ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అమ్మ సంగతి వేరు. వామనగుంటలంటే ప్రాణం కదా అని మంకాలా పెట్టిచ్చాను. రెండు నిమిషాలు చూసి, "ఇదేం వామనగుంటలురా? వరసకి ఆరే గుంటలేమిటి? చివర ఆ గంప ఏమిటి?" అని పక్కన పెట్టేసింది. చూడ్డానికి దగ్గరగా ఉన్న ఆట, తెలిసిన ఆటా ఒకటి కావు. సాలిటేర్ చూపిస్తే "పేకాటా? నేనా?" అని చెంపలేసుకుంది. డబ్బు పెట్టి ఆడేది కాదని మా ఆవిడ నచ్చజెప్పాక మొదలెట్టి, జనవరి కల్లా ఫ్రీసెల్ దాకా వెళ్లిపోయింది. పాత విండోస్ ఫ్రీసెల్‌లో 32,000 పంపకాలుంటే, అందులో గెలవడానికి వీల్లేనిది 11982వ నంబరు ఒక్కటే. ఆ మాట చెప్పినప్పట్నుంచీ ఓడినప్పుడల్లా "ఇది ఆ నంబరే అయ్యుంటుంది" అనేది!

ఎంచుకునే ముందు

ముందు అడగండి. "చిన్నప్పుడు ఏం ఆడేవారు?" అన్న ప్రశ్నకి వచ్చే జవాబే సగం పని చేసిపెడుతుంది. అష్టాచెమ్మా వచ్చినవారికి లూడో అరగంటలో వస్తుంది. లెక్కలు ఇష్టమైనవారికి సుడోకు ఉంది.

ఆట ఇచ్చే ముందు మీరు ఒక గంట ఆడి చూడండి. ప్రకటనలు ఎంతసేపటికి వస్తున్నాయో, మూసే గుర్తు ఎంత ఉందో, గడియారం తరుముతోందో లేదో అప్పుడే తెలుస్తుంది. ప్రకటనలు లేకుండా నాలుగైదు డాలర్లకి ఒకేసారి కొనుక్కునే ఆట దొరికితే అదే చవక. చదరంగానికైతే లీచెస్ పూర్తిగా ఉచితం, ప్రకటనలే ఉండవు.

అక్షరాలు పెద్దవి చెయ్యండి, వెలుగు పెంచండి. వేళ్లు వణికేవారికి మౌస్ కన్నా టాబ్లెట్ మేలు. మౌసే కావాలంటే డబుల్ క్లిక్ వేగం తగ్గించండి. కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టండి. "మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని వస్తే చెయ్యకూడదని ముందే చెప్పి ఉంచండి.

ఇంకొక్క మాట. ఈ ఆటలాడితే మతిమరుపు రాదని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. అలాంటి ప్రచారమే చేసిన లుమోసిటీ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణలు మోపితే, 2016లో ఆ సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆట మందు కాదు, కాలక్షేపం. అది చాలు.

రోజుకో ఎత్తు

మార్చిలో వాళ్లు తెనాలి వెళ్లిపోయారు. ఆట మాత్రం ఆగలేదు. లీచెస్‌లో ఎత్తుకి ఇన్ని రోజులని గడువు పెట్టుకుని తీరిగ్గా ఆడుకోవచ్చు. అక్కడ కాఫీ తాగుతూ నాన్నగారు ఒక ఎత్తు వేస్తే, ఇక్కడ స్కూలుకి వెళ్లేముందు మావాడు ఒకటి వేసేవాడు. "తాతయ్య ఎత్తు వచ్చిందా?" అన్నది మా ఇంట్లో సుప్రభాతం అయిపోయింది.

2022 వేసవిలో ఒకరోజు మావాడు నా దగ్గరికి వచ్చి, "డాడీ, తాతయ్య ఈ వారం రెండుసార్లు మంత్రిని ఊరికే ఇచ్చేశాడు. తాతయ్య అలా ఆడడు" అన్నాడు. పెద్దాయన కదా, పరాకుగా ఉండి ఉంటారులే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఫోన్ చేస్తే నాన్నగారు "ఏం లేదురా" అన్నారు. అమ్మని విడిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. కుడికంట్లో శుక్లం ముదిరింది. నల్లగడిలో ఉన్నది శకటో బంటో ఆయనకి పోల్చుకోవడం కష్టమవుతోంది. మేం కంగారుపడతామని చెప్పలేదు. వారంవారం ఫోన్లో "బాగున్నారా?" అని అడుగుతూనే ఉన్నాను, "బాగున్నాం" అంటూనే ఉన్నారు. చదరంగం బల్ల మీద మాత్రం దాచలేకపోయారు.

నేను సెలవు పెట్టి వెళ్లాను. గుంటూరులో ఆపరేషన్ అయింది. డాక్టరు గారు సరేనన్నాక ఆయన మొదట అడిగింది టాబ్లెట్‌నే. ఆ ఆటలో మావాడి మంత్రి పోయింది!

పిల్లలూ, ఇది మీకు: ఈ సెలవుల్లో మీ తాతయ్యకో, అమ్మమ్మకో, నాయనమ్మకో ఒక ఆట నేర్పండి. అంతకన్నా ముందు, వాళ్లకి వచ్చిన ఆట ఒకటి మీరు నేర్చుకోండి. బంటు ఒక్క గడే నడవాలంటే, ఒక్కసారికి ఒప్పేసుకోండి.