మీట నొక్కితే ఓటు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం శాసనసభ నియోజకవర్గాల ఓటర్లు 2004 నుంచి ప్రతి సాధారణ ఎన్నికలోనూ వాడుతున్న ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం, లోపలి పనితనం దృష్ట్యా చూస్తే, కిరాణా కొట్టులోని కాలిక్యులేటర్‌ను మించిన తెలివి గలది కాదు. నొక్కిన మీటను గుర్తుంచుకోవడం, ఒకటి కలపడం, అడిగినప్పుడు మొత్తం చెప్పడం మాత్రమే దాని పని. భారతదేశం స్వయంగా రూపొందించుకుని గర్వంగా చెప్పుకున్న అనేక ఎలక్ట్రానిక్ వస్తువులు కనుమరుగైపోగా ఈ చిన్న పెట్టె మాత్రం నిలిచిందంటే, అందుకు ఈ అల్పత్వమే ఒక ముఖ్య కారణమని చెప్పవలసి ఉంటుంది.

ఈ యంత్రాన్ని తయారు చేసే రెండు ప్రభుత్వ రంగ సంస్థల్లో ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కాగా, రెండవది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే అందరి నోటా ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద 1967లో వెలసిన ఈ సంస్థకు ప్రాణం పోసినవాడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. అణు శాస్త్రవేత్త హోమీ భాభా వద్ద పనిచేస్తూ, ముంబై ట్రాంబేలో అప్సర అణు రియాక్టరుకు కావలసిన నియంత్రణ పరికరాలను దేశంలోనే తయారు చేయించిన ఈ శాస్త్రవేత్త, పరిశోధనశాలలో పుట్టిన పరికరం కర్మాగారం దాకా వెళ్లకపోతే అది సగం పనేనని నమ్మినవాడు. హైదరాబాదు ఏ.ఎస్.రావు నగర్‌లో ఇల్లు కొనుక్కున్నవారిలో ఆ పేరు ఎవరిదో తెలిసినవారు ఎందరో చెప్పడం కష్టం.

అదే సంస్థ నుంచి వెలువడిన ఇతర ఉత్పత్తుల గతి వేరు. ట్రాంబేలో రూపొంది 1969లో బయటకు వచ్చిన టీడీసీ-12 అనే కంప్యూటరు, ఆ వరుసలోనే వచ్చిన టీడీసీ-316 దేశీయ కంప్యూటర్లుగా పేరు పొంది, ప్రభుత్వ ప్రయోగశాలలకూ విశ్వవిద్యాలయాలకూ చేరాయి. ఈసీ టీవీ అయితే నలుపు తెలుపుల రోజుల్లో తెలుగు మధ్యతరగతి ముందుగదుల్లో గౌరవస్థానం పొందింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు రావడం, విడిభాగాలు దిగుమతి చేసుకుని బిగించి అమ్మే కంపెనీలు పెరగడం, 1991 తరువాత మార్కెట్టు తలుపులు తెరుచుకోవడం వరుసగా జరిగి, ఏటేటా మారే అభిరుచితో పరుగు తీయలేని ఆ వస్తువులు వెనకబడ్డాయి. ఓటు యంత్రానికి అటువంటి పోటీ లేదు; దానికి ఉన్న ప్రధాన కొనుగోలుదారు ఎన్నికల సంఘమే.

ఆ కొనుగోలుదారు దానిని మామూలు వాడుకలోకి తేవడానికి కూడా ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 1977లో ఎన్నికల సంఘం యంత్రం ఆలోచన చేయగా, ఈసీఐఎల్ 1979లో నమూనా తయారు చేసింది. 1980 ఆగస్టు 6న దానిని రాజకీయ పార్టీల ప్రతినిధుల ముందు ప్రదర్శించారు. బెంగళూరు సంస్థ కూడా రంగంలోకి దిగింది. అక్కడ ఈ యంత్రపు రూపకల్పనను పర్యవేక్షించిన ఇంజనీరు రంగరాజన్, సుజాత అనే కలం పేరుతో తమిళ పాఠకులందరికీ తెలిసిన రచయిత కావడం విశేషం. 1982 మేలో కేరళలోని పరవూరు శాసనసభ స్థానంలో 50 పోలింగ్ కేంద్రాల్లో యంత్రాన్ని వాడారు. ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కగా, చట్టంలో ‘బ్యాలెట్’ అని ఉన్నచోట యంత్రాన్ని పెట్టే అధికారం సంఘానికి లేదని 1984లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేంద్రాల్లో కాగితంతో మళ్లీ పోలింగ్ జరిగి, ఓడినవాడు గెలిచాడు. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 61-ఎ అనే సెక్షన్ చేర్చిన తరువాత దాదాపు లక్షన్నర యంత్రాలు కొన్నారు గానీ, పార్టీల మధ్య ఏకాభిప్రాయం కుదరక అవి గోదాముల్లోనే పడి ఉండి, 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో 16 స్థానాలతో మళ్లీ వెలుగు చూశాయి. యంత్రం సిద్ధమై ఉన్నా సమాజం సిద్ధం కాకపోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

యంత్రం రెండు ప్రధాన భాగాలుగా ఉంటుంది. పోలింగ్ అధికారి బల్ల మీద ఉండేది కంట్రోల్ యూనిట్. అట్టల తెర చాటున ఓటరు ముందుండేది, అభ్యర్థుల పేర్లూ గుర్తులూ అంటించి పక్కనే నీలి మీటలు అమర్చిన బ్యాలెట్ యూనిట్. ఈ రెంటినీ కలిపేది ఐదు మీటర్ల తీగ. అధికారి ‘బ్యాలెట్’ మీట నొక్కితేనే ఓటరు ముందున్న పెట్టె ఒక్క ఓటుకు సిద్ధమవుతుంది. ఓటరు నొక్కిన గుర్తు పక్కన ఎర్ర దీపం వెలిగి, పొడవైన బీప్ శబ్దం వచ్చాక, మళ్లీ అధికారి నొక్కేదాకా మరే మీటా పలకదు. నిమిషానికి నాలుగు ఓట్లకు మించి పడకుండా చేసిన ఈ ఏర్పాటు, గుంపుగా వచ్చి కట్టలకు కట్టలు ముద్రలు గుద్దే రిగ్గింగ్‌ను ఉద్దేశించి చేసినదే. బ్యాటరీతో నడుస్తుంది గనుక కరెంటు లేని కొండ పల్లెలోని బడికీ ఇబ్బంది లేదు. పోలింగ్‌కు ముందు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరిపి, ఆ లెక్కను చెరిపివేసి, ఏజెంట్లు సంతకం చేసిన కాగితపు సీళ్లు వేస్తారు. ముద్ర రెండు గడుల మధ్య పడి చెల్లకుండా పోయే ఓటు అనే మాటే ఈ పద్ధతిలో వినబడదు.

మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పం ప్రాంతానికి ఈ యంత్రం సరిహద్దు అవతల నుంచే ముందు పరిచయమై ఉండాలి. తమిళనాడు శాసనసభకు 2001లో జరిగిన ఎన్నికలు పూర్తిగా యంత్రాల మీద జరగగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ స్థితి 2004లో వచ్చింది. తెలుగు నేల మీద దానికి పెద్ద పరీక్ష మాత్రం నిజామాబాదులో ఎదురైంది; అది అభ్యర్థుల సంఖ్య పెట్టిన పరీక్ష. ఫ్లోరైడు నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీలో నిలవగా కాగితపు బ్యాలెట్టు పుస్తకమంత అయింది. పాత యంత్రాలకు ఉన్న పరిమితి 64 మంది. 2019లో పసుపు, జొన్న రైతులు నిరసనగా నిలబడటంతో నిజామాబాదు బరిలో 185 మంది మిగిలినప్పుడు, ఎం-3 అనే మూడో తరం యంత్రాలతో, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను వరుసగా తగిలించి ఓటింగ్ జరిపారు.

స్వదేశీ అన్న గర్వానికి ఒక మినహాయింపు ఉంది. రూపకల్పన, లోపలి ప్రోగ్రామ్ మన ఇంజనీర్లవే అయినా, ఆ ప్రోగ్రామ్‌ను నిలుపుకునే మైక్రోకంట్రోలర్ అనే చిప్ విదేశీ కంపెనీల తయారీ. అంతకన్నా బరువైన ప్రశ్న నమ్మకానిది. 2010లో భారత, అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక అసలు యంత్రాన్ని చేత పట్టుకుని, లోపలి భాగాలు మార్చగలిగితే ఫలితాన్ని తారుమారు చేయవచ్చని చూపారు. సీళ్లు, స్ట్రాంగ్ రూముల కాపలా దాటి యంత్రాన్ని అలా విప్పడం సాధ్యం కాదని ఎన్నికల సంఘం బదులిచ్చింది. రెండు వాదనలూ వేర్వేరు విషయాల గురించి కావడం వల్ల ఎవరూ ఎవరినీ ఒప్పించలేకపోయారు. ఆ వివాదం ఫలితమే వీవీప్యాట్, అంటే వేసిన ఓటును చీటీ మీద ముద్రించి, గాజు కిటికీలో ఏడు సెకన్లు చూపి, డబ్బాలో పడవేసే యంత్రం. 2013లో సుప్రీంకోర్టు దీనిని దశలవారీగా తప్పనిసరి చేసింది. ప్రస్తుతం మదనపల్లె అయినా కుప్పం అయినా ఒక్కో శాసనసభ స్థానంలో లాటరీ తీసి ఐదు కేంద్రాల చీటీలను చేత్తో లెక్కించి యంత్రపు లెక్కతో సరిచూస్తారు. కాగితానికి తిరిగి వెళ్లాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు తోసిపుచ్చుతూనే, ఓడినవారిలో రెండు, మూడు స్థానాల్లో ఉన్నవారు కోరితే ఐదు శాతం యంత్రాల చిప్‌లను పరీక్షించే అవకాశం కల్పించింది.

విదేశాల సంగతి చూస్తే, జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో అక్కడి ఓటు యంత్రాలను, సామాన్యుడు స్వయంగా సరిచూసుకోలేనివన్న కారణంతో కాదన్నది. భూటాన్ 2008లోనూ నమీబియా 2014లోనూ భారతీయ యంత్రాలను తెచ్చుకుని వాడుకున్నాయి. ఒక్కో యంత్రానికి ఆయుష్షు 15 ఏళ్లుగా లెక్కగట్టారు. మొదటి తరం యంత్రాలు ఇప్పటికే వాడుక నుంచి తప్పుకున్నాయి. ఇంత చరిత్ర ఉన్నా, రాష్ట్ర ఎన్నికల సంఘం 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన పంచాయతీ ఎన్నికల్లో సర్పంచిని ఎన్నుకోవడానికి ఓటర్లు కాగితం మీద ముద్ర వేసి, మడిచి, ఇనుప పెట్టెలోనే వేశారు.