ఇంటి ప్రింటర్‌లో ఫొటో: గిట్టుబాటు ఎవరికి?
ఇంక్‌జెట్ ప్రింటర్, అంటే సన్నని రంధ్రాల గుండా కాగితంపై సిరా చిమ్మే యంత్రం, చవకగానే దొరికినా దాని అసలు ఖర్చు సిరాలోనూ ఫొటో కాగితంలోనూ ఉంటుంది. పైగా పత్తికొండ వంటి కర్నూలు జిల్లా మెట్ట ప్రాంతపు పొడి వేసవిలో, అరుదుగా వాడే యంత్రంలో సిరా రంధ్రాల వద్దే ఎండిపోతుంది, వాటిని శుభ్రపరచడానికి మళ్లీ సిరాయే ఖర్చవుతుంది. కలర్ ల్యాబులు సాధారణంగా వెండి లవణాల పూత గల కాగితంపై కాంతితో బొమ్మను ముద్రించి రసాయనాలలో కడుగుతాయి కనుక అక్కడ ఈ బెడద లేదు. ఇక ఎక్కడ ముద్రించినా, 4×6 అంగుళాల ఫొటోకు 1200×1800 పిక్సెళ్లు, అనగా చిత్రాన్ని కూర్చే బిందువులు, చాలు. నేటి సెల్‌ఫోన్‌కు అదేమంత లెక్క కాదు. దరఖాస్తులకు తరచూ ఫొటోలు కావలసిన ఇంటికి సిరా ట్యాంకు ప్రింటర్, అంటే సీసాలతో సిరా నింపుకునే ఇంక్‌జెట్, గిట్టుబాటు కావచ్చు గాని, పండుగలకో పెళ్లిళ్లకో మాత్రమే ముద్రించుకునేవారికి ల్యాబే చవక.