మధుమేహ ఉద్యమంలో వ్యాధిగ్రస్తుల భాగస్వామ్యం

మధుమేహ ఉద్యమంలో వ్యాధిగ్రస్తుల భాగస్వామ్యం అనగా మధుమేహానికి సంబంధించిన ఆరోగ్య విధానాలు, చట్టాలు, ప్రచార కార్యక్రమాలు రూపొందించే నిర్ణయాలలో ఆ వ్యాధితో జీవిస్తున్నవారు, వారి కుటుంబ సభ్యులు పాలుపంచుకోవటం. ప్రచార చిత్రాలలో కనిపించటం, సభలలో తమ కథ చెప్పుకోవటం ఇందులో చిన్న భాగం మాత్రమే. ఏ సమస్యను ముందుగా చేపట్టాలి, డబ్బు దేనికి ఖర్చు చేయాలి, ఏ సమాచారాన్ని ప్రజలకు వెల్లడించాలి అనే ప్రశ్నలు వచ్చినప్పుడు వారి మాటకు విలువ ఉన్నదా లేదా అన్నదే దీనికి గీటురాయి. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం భారతదేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది.

అవసరం

జ్వరం వచ్చిన రోగి వైద్యుడు ఇచ్చిన మందు కొన్ని రోజులు వాడి కోలుకుంటాడు. మధుమేహం అటువంటిది కాదు. వైద్యుని వద్ద గడిచే సమయం ఏడాదికి కొద్ది గంటలే. మిగిలిన కాలమంతా తిండి, శ్రమ, మందు మధ్య సమతూకాన్ని వ్యాధిగ్రస్తుడే చూసుకోవాలి. ముఖ్యంగా మొదటి రకం మధుమేహంలో శరీరం ఇన్సులిన్ ను దాదాపుగా తయారు చేయదు కనుక, రోజుకు పలుమార్లు మోతాదు లెక్కగట్టి ఇంజెక్షను తీసుకోవాలి. మోతాదు ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. తక్కువైతే క్రమంగా కళ్ళు, మూత్రపిండాలు, పాదాలు దెబ్బతింటాయి, బాగా తక్కువైతే ప్రాణానికే ప్రమాదం.

ఈ లెక్కలు రోజూ చేసేవారికి తెలిసే సంగతులు కొన్ని కార్యాలయాలలో కూర్చున్నవారికి తట్టవు. ఫ్రిజ్ లేని ఇంట్లో వేసవిలో ఇన్సులిన్ ను నీళ్ళ కుండలో ఎలా చల్లగా ఉంచాలి, చక్కెర పరీక్షకు వాడే స్ట్రిప్పుల ఖర్చు మందు ఖర్చును మించిపోతే ఏది మానుకోవాలి, బస్సులో అందరి మధ్యా సూది ఎలా వేసుకోవాలి వంటివి ఇందుకు ఉదాహరణలు. ఉచితంగా ఇన్సులిన్ ఇచ్చి స్ట్రిప్పులు ఇవ్వని పథకం చీకట్లో బండి తోలమన్నట్లు ఉంటుంది.

లారెన్స్, వెల్స్

మధుమేహ సంఘాలలో అతి పురాతనమైనది 1926లో పోర్చుగల్ లో ఎర్నెస్టో రోమా అనే వైద్యుడు స్థాపించినది. పేద రోగులకు ఇన్సులిన్ అందించటం దాని ఆశయం. అది రోగుల కొరకు ఏర్పడిన సంఘం. వ్యాధిగ్రస్తులే పూనుకొని పెట్టిన సంఘానికి ప్రసిద్ధ ఉదాహరణ బ్రిటనులో 1934లో ఏర్పడిన డయాబెటిక్ అసోసియేషన్.

దీని స్థాపకులలో ఒకడైన రాబర్ట్ డేనియల్ లారెన్స్ 1892లో స్కాట్లాండులోని అబర్డీన్ లో జన్మించాడు. లండనులోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో పనిచేస్తూ, 1920లో శవంపై చెవి వెనుక ఎముక శస్త్రచికిత్సను అభ్యాసం చేస్తుండగా ఎముక ముక్క ఎగిరి ఈయన కంటికి తగిలింది. ఆ గాయానికి చికిత్స పొందుతున్నప్పుడు మధుమేహం ఉన్నదని బయటపడింది. అప్పటికి ఇన్సులిన్ లేదు, కఠినమైన పథ్యమే దిక్కు. ఎక్కువకాలం బ్రతకనని తలచి ఈయన ఇటలీలోని ఫ్లోరెన్సు నగరానికి వెళ్ళి, అక్కడి ఆంగ్లేయులకు వైద్యం చేస్తూ కాలం గడిపాడు. 1921-22లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ మొదలగువారు ఇన్సులిన్ ను వెలికితీశారు. అది లండనుకు చేరినదని 1923లో ఆసుపత్రిలోని సహచరుడు తంతి పంపగా, లారెన్స్ క్షీణించిన ఆరోగ్యంతోనే కారులో లండను చేరి, మే నెలాఖరులో మొదటి ఇంజెక్షను తీసుకున్నాడు. ఆ తరువాత 45 సంవత్సరాలు జీవించి 1968లో మరణించాడు.

వైద్యుడు, రోగి రెండూ తానే కావటం వలన లారెన్స్ రాసిన పుస్తకాలు సామాన్య రోగులకు బాగా ఉపయోగపడ్డాయి. 1925లో వెలువడిన 'ది డయాబెటిక్ లైఫ్' పలు ముద్రణలు పొందింది. ఈయన వద్ద చికిత్స పొందినవారిలో 'ది టైమ్ మెషీన్' నవలా రచయిత హెచ్.జి.వెల్స్ ఒకడు. వీరిద్దరూ కలిసి, ధనిక పేద తేడా లేకుండా మధుమేహం ఉన్నవారందరికీ తలుపులు తెరిచిన సంఘం కావాలని టైమ్స్ పత్రికకు లేఖ రాశారు. వైద్యులు, నర్సులు, సామాన్య ప్రజలు కూడా సభ్యులుగా చేరవచ్చు. సంఘం తన పత్రికను 1935లో ప్రారంభించింది. 1954లో బ్రిటిష్ డయాబెటిక్ అసోసియేషన్ గానూ, 2000లో డయాబెటిస్ యూకే గానూ దీని పేరు మారింది. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యకు లారెన్సే తొలి అధ్యక్షుడు.

ఈ సంఘం సాధించినవాటిలో పైకి చిన్నదిగా కనిపించే ఒకదానిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అంతకు ముందు రోగులు గాజు సిరంజిని మరిగించి మళ్ళీ మళ్ళీ వాడేవారు, లేదా డబ్బు పెట్టి ప్లాస్టిక్ సిరంజిలు కొనుక్కునేవారు. ఒకసారి వాడి పారవేసే సిరంజిలను ప్రభుత్వ ఆరోగ్య సేవ ద్వారా ఇవ్వాలని సంఘం చాలాకాలం పోరాడింది. 1987లో అది నెరవేరింది.

మానవ ఇన్సులిన్ వివాదం

రోగులు పెట్టిన సంఘంలోనే రోగుల మాట వెనుకబడవచ్చుననటానికి ఇదే సంఘం ఉదాహరణగా నిలిచింది. మొదటి నుండి ఇన్సులిన్ ను ఆవు, పంది క్లోమ గ్రంథుల నుండి తీసేవారు. 1982లో జన్యు సాంకేతికతతో తయారైన 'మానవ' ఇన్సులిన్ విపణిలోకి వచ్చింది. ఆ దశాబ్దంలో బ్రిటనులో చాలామందిని పాత మందు నుండి దీనికి మార్చారు. మారినవారిలో కొందరు ఒకే రకమైన ఫిర్యాదు చేశారు. చక్కెర పడిపోయే ముందు కనిపించే చెమట, వణుకు, గుండెదడ వంటి హెచ్చరికలు ఇప్పుడు తమకు తెలియటం లేదనీ, ఉన్నట్టుండి పడిపోతున్నామనీ వారు అన్నారు. రెండు మందులకూ తేడా కనబడటం లేదని వైద్య పరిశోధకులు చెప్పారు.

ఫిర్యాదులతో వచ్చిన లేఖలను సంఘం పరిశీలింపజేసింది గాని, ఆ నివేదికను ప్రచురించలేదు. ఈ సంగతిని 1999లో గార్డియన్ పత్రిక వెల్లడించింది. అంతకు ముందే, 1994లో, అసంతృప్తులైనవారు ఇన్సులిన్ డిపెండెంట్ డయాబెటిస్ ట్రస్టు అనే వేరొక సంస్థను స్థాపించుకొని, జంతు ఇన్సులిన్ కోరుకునేవారికి అది దొరుకుతూ ఉండాలని పోరాడారు. (2003లో బ్రిటనులోని సీపీ ఫార్మాస్యూటికల్స్ ను కొనుగోలు చేసి, ఆ తరువాత చాలా ఏళ్ళు అక్కడి రోగులకు పంది ఇన్సులిన్ సరఫరా చేసినది వోకార్ట్ అనే భారతీయ కంపెనీ.)

తరువాత వెలువడిన కోక్రేన్ సమీక్ష రెండు ఇన్సులిన్ల మధ్య చికిత్సాపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. అయితే రోగుల జీవన నాణ్యత వంటి అంశాలను నాణ్యమైన పరిశోధనలలో పరిశీలించనే లేదని కూడా అదే సమీక్ష పేర్కొన్నది. మందు విషయంలో ఎవరి మాట నిజమన్నది ఒక ప్రశ్న, రోగులు అడిగిన ప్రశ్నను ఎవరూ సరిగా పరీక్షించకపోవటం మరొక ప్రశ్న. భాగస్వామ్యానికి సంబంధించినది ఈ రెండవదే.

డబ్బు సంగతి కూడా ఇక్కడే ప్రస్తావించాలి. అనేక మధుమేహ సంఘాలకు ఔషధ కంపెనీల నుండి విరాళాలు అందుతాయి. విరాళం పుచ్చుకున్న ప్రతి సంఘమూ అమ్ముడుపోయినదని అనటం అన్యాయం. కాని మందు ధరను ప్రశ్నించవలసిన సమయంలో విరాళం నోటికి అడ్డుపడదని అనుకోవటం కూడా అమాయకత్వమే. 2014లో ఏర్పడిన టీ1 ఇంటర్నేషనల్ అనే సంస్థ ఈ కారణంగా ఇన్సులిన్ తయారీదారుల నుండి నిధులు స్వీకరించదు.

అంతర్జాతీయ వేదికలు

ఈ విషయంలో ఎయిడ్స్ ఉద్యమం మధుమేహ ఉద్యమం కంటే ముందు నడిచింది. 1983లో అమెరికాలోని డెన్వర్ లో ఎయిడ్స్ వ్యాధిగ్రస్తులు నిర్ణయాధికారంలో తమకు చోటు కావాలని ప్రకటన చేయగా, 1994 పారిస్ శిఖరాగ్ర సమావేశంలో ప్రభుత్వాలు ఆ సూత్రాన్ని అంగీకరించాయి.

మధుమేహంపై ఐక్యరాజ్యసమితి తీర్మానం 2006 డిసెంబరు 20న ఆమోదం పొందింది. బంగ్లాదేశ్ చొరవతో వచ్చిన ఈ తీర్మానం బాంటింగ్ జన్మదినమైన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా గుర్తించింది. 2021లో, ఇన్సులిన్ ఆవిష్కరణకు నూరేళ్ళు నిండిన సందర్భంగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ మధుమేహ ఒడంబడికను ప్రారంభించింది. 2023లో అదే సంస్థ అసాంక్రమిక వ్యాధులతోనూ, మానసిక, నాడీ సమస్యలతోనూ జీవిస్తున్నవారిని అర్థవంతంగా కలుపుకోవటానికి ఒక విధాన పత్రాన్ని వెలువరించింది. వ్యాధితో జీవించిన అనుభవం కూడా ఒక నైపుణ్యమేనని అది గుర్తిస్తుంది. ప్రభుత్వాలు దీనిని పాటించి తీరాలన్న నిర్బంధం లేదు.

చట్టం మార్చిన ఉదాహరణకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రాన్ని చూడవచ్చు. 26 ఏళ్ళు నిండి తల్లి బీమా పరిధి నుండి బయటపడిన అలెక్ స్మిత్ అనే యువకుడు, కొనలేక ఇన్సులిన్ ను పొదుపుగా వాడుతూ 2017లో మరణించాడు. తల్లిదండ్రులు, మధుమేహ కార్యకర్తలు సాగించిన ఆందోళన ఫలితంగా 2020లో అతని పేరిట చట్టం వచ్చింది. దాని ప్రకారం అత్యవసర పరిస్థితిలో ఉన్నవారు నెలకు సరిపడే ఇన్సులిన్ ను 35 డాలర్లకు మించకుండా పొందవచ్చు.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2010లో ప్రారంభించిన జాతీయ కార్యక్రమం (2023 నుండి అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం) ప్రధానంగా 30 ఏళ్ళు పైబడినవారికి పరీక్షలు చేసి వ్యాధిని గుర్తించటంపై ఆధారపడింది. రెండవ రకం మధుమేహానికి ఇది తగినదే. మొదటి రకంతో జీవించే పిల్లలు దాదాపుగా ఈ చట్రానికి బయట మిగిలారు.

తెలుగువారి ఇళ్ళలో షుగరు అనగానే పెద్దల జబ్బు అనే భావన ఉన్నది. పసివాడికి షుగరు వచ్చిందంటే మిఠాయిలు ఎక్కువ పెట్టారని తల్లిని నిందించేవారున్నారు, మొదటి రకానికి మిఠాయిలతో సంబంధం లేకపోయినా. ఆడపిల్ల అయితే పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయనే భయంతో సంగతి బయటకు పొక్కనివ్వరు. దాచుకున్నవారు గొంతు విప్పలేరు కనుక మన ప్రాంతంలో వ్యాధిగ్రస్తుల సంఘాలు బలపడకపోవటానికి ఇది ఒక కారణం.

అయినా కొన్ని మార్పులు వచ్చాయి. 2017లో సీబీఎస్ఈ, మొదటి రకం మధుమేహం గల విద్యార్థులు 10, 12 తరగతుల పరీక్ష హాలులోకి చక్కెర బిళ్ళలు, పండ్లు, చిరుతిండి, నీళ్ళు తీసుకువెళ్ళటానికి అనుమతించింది. 2022లో భారత వైద్య పరిశోధనా మండలి మొదటి రకం మధుమేహానికి విడిగా మార్గదర్శకాలు ప్రచురించింది. 2023లో బాలల హక్కుల పరిరక్షణ జాతీయ కమిషను, ఇటువంటి పిల్లలకు తరగతి గదిలో చక్కెర పరీక్ష చేసుకోవటానికి, ఇన్సులిన్ తీసుకోవటానికి వీలు కల్పించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. బ్లూ సర్కిల్ డయాబెటిస్ ఫౌండేషన్ వంటి సంస్థలను వ్యాధితో జీవిస్తున్నవారే నడుపుతున్నారు.

ఈ ఉత్తరువులు పాఠశాల వరకు చేరటం వేరే సంగతి. పరీక్ష మధ్యలో చెమటలు పట్టి చేయి వణుకుతున్న విద్యార్థి జేబులోని గ్లూకోజు బిళ్ళ నోట్లో వేసుకోవచ్చునని పర్యవేక్షకునికి ముందే తెలిసి ఉండాలి. ఇప్పటికీ ఆ కాగితాన్ని పట్టుకొని ప్రధానోపాధ్యాయుని గదికి వెళ్ళి వివరించే పని చాలాచోట్ల పిల్లల తల్లిదండ్రులదే.