గద్ద మింగిన గొట్టం

కోడి కందనకాయ చీల్చి చూసినవాళ్లకి తెలుసు, లోపల ఇసుకా సన్న రాళ్లూ ఉంటాయి. పళ్లు లేని పక్షికి అదే తిరగలి. 17వ శతాబ్దంలో ఇటలీ పండితుడు బొరెల్లి టర్కీ కోళ్లకు గాజు బుడ్డీలు మింగిస్తే అవీ పొడైపోయాయి. ఇంకేం, మన పొట్టా అలాగే విసురుతుందని ఒక వర్గం తీర్మానించేసింది. కాదు, లోపలి రసమే తిండిని కరిగిస్తుందని రెండో వర్గం పట్టుబట్టింది.

ఈ తగువు తీర్చింది వేలెడంత కూడా లేని లోహపు గొట్టం. ఉష్ణమాపకంతో పేరుపడ్డ ఫ్రెంచివాడు రియోమ్యూర్ దాన్ని తయారుచేశాడు. రెండు చివర్లా జల్లెడలాంటి అల్లిక; లోపల మాంసం ముక్క. రసం చొరబడొచ్చు, నలగ్గొట్టడం మాత్రం కుదరదు. దీన్ని మింగడానికి ఆయన గద్దను ఎంచుకోవడంలోనే తెలివంతా ఉంది. అరగని బొచ్చూ ఎముకలూ గద్ద తనంతట తానే కక్కేస్తుంది కదా! కోసి చూసే పనిలేకుండా గొట్టం తిరిగొచ్చేది. దానికి సొట్ట లేదు, లోపలి మాంసం మాత్రం కరిగి తగ్గిపోయింది. కుళ్లు వాసనా లేదు. మరోసారి మాంసం బదులు స్పాంజి పెట్టి, పిండి, ఆ రసాన్నే పట్టాడు. 1752లో ఇదంతా ప్రకటించాడు. అయితే ఒంటి బయట ఆ రసం మాంసాన్ని సరిగా కరిగించలేదు. ఇంతలో గద్ద చచ్చిపోయింది.

మిగిలిన పని స్పల్లన్‌జానీ అందుకున్నాడు. ఈ ఇటలీ మతాచార్యుడిది మొండి ఘటం. రసానికి ఒంటి వెచ్చదనం కావాలని గ్రహించి, మాంసమూ పక్షుల జఠరరసమూ నింపిన గాజు గొట్టాలను మూడు రోజులు చంకలో పెట్టుకు తిరిగాడు. మాంసం కరిగింది! గొట్టాన్ని గుడ్డసంచిగానూ, చెక్కగొట్టంగానూ మార్చి తానే మింగాడు. నమిలిన మాంసం, నమలనిది విడివిడిగా మింగి చూస్తే, నమిలినదే ఎక్కువ కరిగింది.

రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లో ప్రౌట్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. మాంసకృత్తులను తుంచే ఎంజైముకు 1836లో ష్వాన్ అనే మరో శాస్త్రవేత్త పెప్సిన్ అని పేరు పెట్టాడు. ఎంజైము ముక్క పైభాగాన్నే తాకగలదు. ముక్కలు పెరిగేకొద్దీ దానికి దొరికే చోటూ పెరుగుతుంది. పళ్లు చేసేది ఆ పనే. నోట్లో లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము అప్పటికే పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంటుంది. వట్టి అన్నం ఎంతోసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. మొక్కజొన్న గింజ పైపొరలోని సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైము మాత్రం మన దగ్గర లేదు. పంటి కింద పడకుండా జారిన గింజ ఎలా లోపలికి వెళ్లిందో అలాగే మర్నాడు బయటికొస్తుంది, గద్ద కక్కిన గొట్టంలా చెక్కుచెదరకుండా.