రెండు పళ్లు లేని చక్రం

మదనపల్లె టమోటా మార్కెట్‌లో లోడెత్తిన లారీకి దారిలో ఆగే తీరిక ఉండదు. కదిరి నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి చేరే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఎండలో నడిచిన పాత బండిని టీకి ఆపితే, ఒక్కోసారి మళ్లీ స్టార్ట్ కాదు. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, డీజిల్‌కూ కొదవ లేదు. ఇంజిన్ చల్లారాక తాళం తిప్పితే మాత్రం ఏమీ ఎరగనట్టు అందుకుంటుంది. ఈ లక్షణం వినగానే చేయితిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ ముందుగా వెతికేది క్రాంక్ సెన్సర్‌ని.

బొటనవేలంత ఉండే ఆ వస్తువు చేసే పని అపురూపం. చాలా ఇంజిన్లలో క్రాంక్‌తో పాటు తిరిగే ఒక చక్రానికి 60 పళ్లు పట్టే చోటుంటుంది, ఉండేవి మాత్రం 58. పక్కపక్కనున్న రెండింటిని కావాలనే వదిలేస్తారు. పన్నుకూ పన్నుకూ మధ్య 6 డిగ్రీలు. వాటికి ఎదురుగా మిల్లీమీటరు అటూ ఇటూ దూరంలో సెన్సర్ నిలుస్తుంది. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ, అంతే. బయటి నుంచి కరెంటు కూడా అక్కర్లేదు. పన్ను దగ్గరకొచ్చి దాటిపోయినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి, తీగచుట్టలో చిన్న వోల్టేజీ అల పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే ఇది.

ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీఎం, ఆ అలలను లెక్కపెడుతూ పోతుంది. ఒకచోట రావాల్సిన అల రాదు. ఆ ఖాళీయే దానికి ఆనవాలు. అక్కడి నుంచి లెక్కేసి ఏ పిస్టన్ ఎక్కడుందో పోల్చుకుంటుంది. నిమిషానికి 1500 చుట్ల వేగంలో పన్ను తర్వాత పన్ను రావడానికి పట్టేది సెకనులో 1500వ వంతు. ఉన్న 58 పళ్లకంటే లేని రెండే ఎక్కువ సమాచారం ఇస్తాయన్నది ఈ ఏర్పాటులోని అందం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితేగాని ఒక ఆవృత్తి పూర్తికాదు కాబట్టి, అది మొదటి చుట్టో రెండోదో చెప్పడానికి క్యామ్ సెన్సర్ తోడుంటుంది.

అల బలం వేగాన్ని బట్టి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది కనుక అల నీరసంగా ఉంటుంది. సెన్సర్ కొనకు ఇనుప రజను అంటుకున్నా, బ్యాటరీలు దిగినా ఇంకా సన్నగిల్లుతుంది. లోపలి తీగ ఎక్కడైనా విరిగితే, చల్లగా ఉన్నంతసేపూ కొసలు కలిసే ఉండి, వేడెక్కగానే విడిపోవచ్చు. అందుకే చల్లారిన సెన్సర్‌ని మీటరు పెట్టి చూసి బాగుందనడం చెల్లదు. బండి మొరాయించినప్పుడే, వేడి మీదే చూడాలి.

స్కానర్ పెడితే చాలా లారీల్లో 190 అనే నంబరు వస్తుంది. అది ఇంజిన్ వేగానికి సంబంధించిన కోడ్. పక్కన 5 ఉంటే సర్క్యూట్ తెగిందని, 2 ఉంటే సంకేతం నిలకడగా లేదని. తప్పు సెన్సర్‌దా, కప్లర్‌దా, వైరుదా అన్నది కోడ్ చెప్పదు. అది చూసి ముందే ఈసీఎం మార్చడం అన్యాయమైన ఖర్చు.

పాత బండిలో సెల్ఫే నీరసంగా తిరుగుతుంటే ఎక్కువగా అనుమానించాల్సింది ఎర్త్‌ని. చిలుము పట్టిన ఎర్త్ కేబుల్‌లో ఒక్క పోగు మిగిలినా ఓం మీటరు సున్నా చూపించి మోసం చేస్తుంది. వందల ఆంపియర్లు లాగే సెల్ఫ్‌కి ఆ పోగు ఏ మూలకు? మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటిందా, ఎర్త్ పాడైనట్టే.

లారీలోకి ఈ లెక్కలు రావడంలో జపాన్, యూరప్ పోటీపడ్డాయి. కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజిన్‌లోకి డీజిల్‌ను చిమ్మే కామన్ రైల్ పద్ధతిని డెన్సో 1995లో హీనో లారీకి ఎక్కించింది. ఫియట్ వాళ్లు మొదలుపెట్టిన దాన్ని బాష్ పూర్తిచేస్తే, 1997లో అది ఆల్ఫా రోమియో 156 కారులో రోడ్డెక్కింది. మన దేశమంతటా 2017లో బీఎస్-4, 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి.

మదనపల్లె ప్రాంతంలో మరో సెన్సర్‌కి పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో టర్బో బూస్ట్ ప్రెషర్ చూస్తే, ఆ ప్రెషర్ సెన్సర్ బయటి గాలి పీడనాన్నే చూపాలి. సముద్రమట్టం దగ్గర అది 101 కిలోపాస్కళ్లు. దాదాపు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో 93, సుమారు 1265 మీటర్ల హార్స్లీ హిల్స్ మీద 87 దగ్గర ఉంటుంది. మదనపల్లెలో నిలబడ్డ లారీ 101 చూపిస్తే, ఆ సెన్సర్‌నో దాని వైరింగ్‌నో పట్టి చూడాల్సిందే.