దారిలో గడచు కాలము

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాళ్లకు పేరుగన్న ఊరు. గనులలో బండలు తీయుట, కర్మాగారములలో వానిని కోసి నునుపు చేయుట ఇచ్చట పెక్కుమందికి జీవనాధారము. కొందరు ఊరిలోనే కాపురముందురు. మరికొందరు చుట్టుపట్ల పల్లెలనుండి పనికి వత్తురు.

ఒకే కర్మాగారమున ఇద్దరు స్త్రీలు పనిచేయుచున్నారనుకొనుడు. ఒకామె పావుగంట నడచి పని చేరును. రెండవయామెకు రాక ఒక గంట, పోక ఒక గంట. పని ఒక్కటే, కూలి ఒక్కటే. కాని ఏడాదికి 300 పనిదినములైనచో రెండవయామెకు దారిలోనే 600 గంటలు గడచును. అనగా ఎనిమిదేసి గంటల పనిదినములు 75! వానికి కూలి లేదు. ఆ కాలమును నిద్రనుండియో, బిడ్డలతో గడపవలసిన సాయంకాలమునుండియో తీయవలసినదే.

పల్లెలో సొంత యిల్లు, తక్కువ ఖర్చు ఉండును గదా, దానితో ఈ నష్టము తీరదా? జర్మనీ దేశస్థుల సమాధానములను పరిశీలించి ఫ్రై, స్టుట్జర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2004లో దీనికి జవాబు చెప్పిరి. ప్రయాణకాలము పెరిగినకొలది జీవితమున తృప్తి తగ్గుచున్నదనియు, ఇతర లాభములు ఆ లోటును పూర్తిగా పూడ్చుట లేదనియు వారు కనుగొనిరి.

అట్లని ప్రయాణమే లేకుండుట మేలని తలపరాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఉద్యోగులను ప్రశ్నింపగా, తమకు నచ్చు ప్రయాణము సగటున 16 నిమిషములని తేలినట్లు 2001లో ప్రకటితమైనది. ఇంటి చింతలను విడిచి పనికి సిద్ధమగుటకు కొంత దారి అవసరమే.

కాలమెంత యనునదే కాక, అదెట్లు గడచుననునదియు ముఖ్యము. కదలుచున్న బస్సులో పది నిమిషములు ఇట్టే గడచును. వచ్చునో రాదో తెలియని బస్సుకై రాయలసీమ ఎండలో నిలుచున్న పది నిమిషములు గంటవలె తోచును. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు మొదలగు ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైనది. ఛార్జీ మిగులుట గొప్ప మేలే. కాని కాలము మిగులవలెనన్న బస్సు వేళకు రావలెను, నిలుచుటకు నీడ యుండవలెను.

2011 జనాభా లెక్కలలో పనికి పోవు దూరమును, పోవు సాధనమును అడిగిరి. పట్టు కాలమును మాత్రము అడుగలేదు. దారిని కిలోమీటర్లతో పాటు గంటలలోను కొలిచిననాడే శ్రామికుని దినమెంత దీర్ఘమో తెలియును.